మూడు రోజుల సంచి: వరదలో నా సర్వైవల్ కిట్‌లో పనికొచ్చినవి రెండే

చాలామంది కామెంట్లలో అడుగుతున్నారు, "అన్నా, సర్వైవల్ కిట్ మీద ఒక వీడియో చెయ్యి, ఏం కొనాలో చెప్పు" అని. నిజం చెప్పాలంటే ఆ వీడియో నేను 2024లోనే చేయాల్సింది. కిట్ కొన్నాను, స్క్రిప్ట్ కూడా రాసుకున్నాను. తర్వాత నాలుగు రోజులకే ఆ స్క్రిప్ట్ చించేశాను. ఎందుకు చించేశానో చెప్తే, ఏం కొనాలో మీకే అర్థమవుతుంది.

2024 ఆగస్టు 31, శనివారం. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి పొద్దున్నే విజయవాడలో దిగాను. మా పిన్ని వాళ్లది సింగ్ నగర్, ఒక పాత అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. బ్యాగులో నాలుగు జతల బట్టలు, ఆన్‌లైన్‌లో కొన్న ఆ సర్వైవల్ కిట్. నల్ల డబ్బా, లోపల పద్దెనిమిది వస్తువులు. మడత కత్తి, దిక్సూచి, నిప్పు రాయి, తీగ రంపం, తాడుతో అల్లిన బ్రేస్‌లెట్, చేపలు పట్టే గాలం కూడా ఉంది. పిన్ని చూసి, "ఏంట్రా ఇది, అడవికి పోతున్నావా?" అని నవ్వింది. ఆ రోజంతా ఆగకుండా వాన.

ఆదివారం పొద్దున కింద ఎవరో అరుస్తుంటే లేచాం. వీధిలోకి నీళ్లు వస్తున్నాయి. వాన నీళ్లేలే, పోతాయి అనుకున్నాం. కానీ వచ్చింది బుడమేరు. విజయవాడ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, దాన్ని బెజవాడ దుఃఖదాయిని అంటారు. ఎగువన బుడమేరు డైవర్షన్ కాలువకి గండ్లు పడ్డాయి, ఆ నీళ్లన్నీ ఊరి మీదకి వచ్చేశాయి. మధ్యాహ్నానికి కింద పార్కింగ్‌లో నడుం లోతు. సాయంత్రానికి గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు సామాన్లు వదిలేసి మా మెట్ల మీదకి వచ్చేశారు. అటు కృష్ణా నది కూడా పొంగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు వదిలారు, బ్యారేజీ చరిత్రలోనే అది ఎక్కువ.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. ఆదివారం పొద్దున నా ఫోన్‌లో 80 శాతం ఛార్జింగ్ ఉంది. నేనేం చేశాను? బాల్కనీలో నిలబడి వీడియోలు తీశాను. స్టేటస్‌లు పెట్టాను. ఫ్రెండ్స్‌కి లైవ్‌లో చూపించాను. కరెంటు అప్పటికే పోయింది. పవర్ బ్యాంక్ ఉంది కానీ అందులో ఛార్జ్ లేదు, ఊరెళ్లేటప్పుడు ఎక్కిద్దాంలే అనుకుని మర్చిపోయాను. రాత్రి పదింటికి ఫోన్ ఆగిపోయింది.

అదే రాత్రి బాబాయ్ ఇన్సులిన్ చివరి డోస్ వేసుకున్నాడు. కొత్తది ఆదివారం తెచ్చుకుందాం అనుకున్నాడట. సోమవారం మధ్యాహ్నానికి ఆయనకి ఒకటే దాహం, మాటిమాటికీ బాత్రూమ్. రాత్రికి వాంతులు. షుగర్ పెరిగిపోతోందని ఇంట్లో అందరికీ అర్థమవుతోంది. కింద ఏడెనిమిది అడుగుల నీళ్లు. నా చేతిలో చచ్చిపోయిన ఫోన్, టేబుల్ మీద గాలం, దిక్సూచి ఉన్న నల్ల డబ్బా.

మమ్మల్ని ఆదుకుంది మూడో అంతస్తులో ఉండే మామ్మగారు. ఆవిడ దగ్గర పాత కీప్యాడ్ ఫోన్ ఉంది. "అవసరం లేనప్పుడు ఆఫ్ చేసి పెట్టా నాయనా, ఇంకా రెండు గీతలుంది" అంది. మంగళవారం పొద్దున సిగ్నల్ దొరికిన ఐదు నిమిషాల్లో గుంటూరులో ఉన్న మా అన్నయ్యకి చెప్పాం. వాడు కంట్రోల్ రూమ్‌కి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. సాయంత్రం బోటు మా వీధిలోకి వచ్చింది. మా అరుపులు ఇంజిన్ మోతలో వాళ్లకి వినపడలేదు. అప్పుడు ఆ డబ్బాలోంచి విజిల్ తీసి ఊదాను. అది విని తిరిగారు. బాబాయ్‌ని ఎక్కించారు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. ఇంకో రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టర్ అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది.

పద్దెనిమిది వస్తువుల్లో పనికొచ్చినవి రెండే. విజిల్, చిన్న టార్చి. అందుకే ఈ రోజు వీడియోలో ఏ బ్రాండ్ కిట్ కొనాలో చెప్పను. ఇంట్లో నిజంగా ఏం ఉండాలో, ఎంత ఉండాలో, ఎందుకు ఉండాలో చెప్తాను.

అసలు ముందు ఏం ఆగిపోతుంది?

"సొసైటీ కొలాప్స్" అనగానే మనకి సినిమా గుర్తొస్తుంది. ఖాళీ రోడ్లు, మాస్కులు, తుపాకులు. కానీ ఒక ఊరు ఆగిపోవడం అలా ఉండదు. ఒక వరసలో జరుగుతుంది. ముందు కరెంటు పోతుంది. కరెంటు పోతే మోటార్ తిరగదు, ట్యాంకులో ఉన్నంతే నీళ్లు. లిఫ్ట్ ఉండదు. ఇంట్లో వైఫై ఆ క్షణమే పోతుంది. సెల్ టవర్‌కి బ్యాటరీ బ్యాకప్ ఉంటుంది కానీ అది కొన్ని గంటలే, డీజిల్ అందకపోతే టవర్ కూడా ఆగుతుంది. నెట్ లేకపోతే ఫోన్‌పే, గూగుల్‌పే పనిచేయవు, ఏటీఎం ఇవ్వదు, పెట్రోల్ బంకులో పంపు తిరగదు. అంటే ఒక్క తీగ తెగితే దానికి కట్టిన పది పనులు ఆగుతాయి.

వైజాగ్ వాళ్లు దీన్ని 2014లోనే చూశారు. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను సుమారు 180 కిలోమీటర్ల వేగంతో నేరుగా ఊరి మీదే తీరం దాటింది. కరెంటు స్తంభాలు, చెట్లు, టవర్లు పడిపోయాయి. చాలా ఏరియాల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ కలవలేదు. నీళ్లకి, పాలకి, పెట్రోల్‌కి క్యూలు. ఒక్కసారి ఆలోచించండి, అప్పటికి యూపీఐ ఇంకా రాలేదు, అందరి జేబులో ఎంతో కొంత నోట్లు ఉండేవి. ఇప్పుడు అదే తుపాను వస్తే మనలో ఎంతమంది జేబులో రెండొందలు ఉంటాయి?

ఇది పేద దేశాల సమస్య అనుకోకండి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్‌లలో దాదాపు అంతటా ఒకేసారి కరెంటు పోయింది. రైళ్లు ఆగాయి, సిగ్నల్ లైట్లు ఆగాయి, కార్డులు గీస్తే పనిచేయలేదు. జనం బ్యాటరీ రేడియోల కోసం షాపులకి పరిగెత్తారు. స్వీడన్ ప్రభుత్వం అయితే 2024 నవంబర్ నుంచి ప్రతి ఇంటికీ ఒక చిన్న పుస్తకం పంపింది, యుద్ధం వచ్చినా విపత్తు వచ్చినా వారం రోజులు మీ అంతట మీరు ఎలా నెట్టుకురావాలో అని. యూరోపియన్ యూనియన్ 2025 మార్చిలో ప్రజలందరూ కనీసం 72 గంటలకి సరిపడా సామాను ఇంట్లో పెట్టుకోవాలని చెప్పింది.

72 గంటలు అంటే మూడు రోజులు. ఆ లెక్క ఎందుకంటే, పెద్ద విపత్తులో సాయం బయలుదేరుతుంది కానీ మీ గుమ్మం దాకా రావడానికి టైమ్ పడుతుంది. విజయవాడలో ఎన్డీఆర్ఎఫ్ బోట్లు వచ్చాయి, హెలికాప్టర్లు వచ్చాయి, డ్రోన్లతో అన్నం పొట్లాలు, నీళ్లు కూడా వేశారు. అయినా లోపలి సందుల్లో ఉన్న వాళ్లకి చేరేసరికి రోజులు పట్టింది. ఆ మధ్యలో ఉన్న రోజులే మన బాధ్యత. కాబట్టి ఏ వస్తువు కొనేముందైనా ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: మూడు రోజులు కరెంటు, నెట్, షాపు లేకపోతే ఇది నాకు ఏం పని చేస్తుంది?

నీళ్లు

చుట్టూ ఏడెనిమిది అడుగుల నీళ్లుండి తాగడానికి నీళ్లు లేకపోవడం ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు. వరద నీళ్లలో డ్రైనేజీ, చచ్చిన జంతువులు, బళ్ల ఆయిల్ అన్నీ కలుస్తాయి. సంపులోకి అవే దిగుతాయి. సంపు పాడైతే మోటార్ బాగున్నా లాభం లేదు.

లెక్క సింపుల్. మనిషికి రోజుకి తాగడానికి, కాస్త వంటకి కలిపి మూడు నాలుగు లీటర్లు. నలుగురు ఉన్న ఇంటికి మూడు రోజులకి 36 నుంచి 48 లీటర్లు. అంటే మన వీధిలో ఆటోలో వచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్లు రెండు ఎక్స్‌ట్రా. అంతే. రోజూ వాడే క్యాన్‌తో పాటు ఈ రెండూ ఉండాలి. పాతది ముందు వాడుతూ, కొత్తది వెనక్కి పెడుతూ ఉంటే ఎప్పుడూ తాజాగా ఉంటాయి.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఇంకో పని. కరెంటు ఉండగానే ఓవర్‌హెడ్ ట్యాంకు, డ్రమ్ములు, బకెట్లు, ఖాళీ సీసాలు, ఆఖరికి పెద్ద గిన్నెలు కూడా నింపేయండి. ఇవి తాగడానికి కాకపోయినా బాత్రూమ్‌కి కావాలి. మేము టెర్రస్ మీద పైపు కింద బకెట్లు పెట్టి వాన నీళ్లు పట్టాం, బాత్రూమ్‌కి అవే దిక్కయ్యాయి.

అనుమానం ఉన్న నీళ్లయితే గుడ్డతో వడకట్టి, బాగా తెర్లేలా ఒక నిమిషం మరిగించి చల్లార్చండి. మెడికల్ షాపుల్లో క్లోరిన్ మాత్రలు దొరుకుతాయి, ఒక స్ట్రిప్ పెట్టుకోండి. ఎన్ని లీటర్లకి ఎన్ని, ఎంతసేపు ఆగాలి అనేది కంపెనీని బట్టి మారుతుంది, స్ట్రిప్ మీద రాసింది చదివి వేయండి. ఒక్క మాట మర్చిపోకండి, మరిగించినా క్లోరిన్ వేసినా చచ్చేవి క్రిములే. డీజిల్, పురుగుమందు లాంటి కెమికల్స్ పోవు. అందుకే వీధిలో నిలిచిన వరద నీళ్లు ఏం చేసినా తాగే నీళ్లు కావు.

మందులు

నా లిస్టులో నీళ్లతో సమానంగా ఉండేది ఇది. ఇంట్లో ఎవరు ఏ మందు రోజూ వాడుతున్నారో మీకు తెలుసా? నాకు తెలియదు. మా బాబాయ్ ఏ ఇన్సులిన్ వాడతాడో, ఎన్ని యూనిట్లో ఆ రోజు దాకా నేను అడగలేదు.

బీపీ, షుగర్, థైరాయిడ్, ఫిట్స్, ఆస్తమా, గుండె మందులు ఎవరైనా వాడుతుంటే, అయిపోయాక కొనడం కాదు, కనీసం రెండు వారాలవి చేతిలో ఉండగానే కొనడం అలవాటు చేయండి. ప్రిస్క్రిప్షన్ ఫోటో తీసి ఫోన్‌లో ఉంచండి, మందు పేరు, డోస్ కాగితం మీద కూడా రాసి సంచిలో పెట్టండి. ఎందుకంటే ఫోన్ ఆగిపోతుంది, కాగితం ఆగదు.

ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్ ఎలా అంటారా? మామూలుగా వాడుతున్న వయల్ మరీ వేడి తగలకుండా ఉంచితే, 30 డిగ్రీల లోపు, నాలుగు వారాల దాకా పనిచేస్తుంది. రకాన్ని బట్టి తేడా ఉంటుంది కాబట్టి మీ డాక్టర్‌ని ఒకసారి అడిగి రాసిపెట్టుకోండి. వేడి ఎక్కువుంటే కవర్లో చుట్టి చిన్న మట్టి కుండలో పెట్టి, ఆ కుండని నీళ్లున్న పళ్లెంలో ఉంచితే చల్లగా ఉంటుంది. గ్రామాల్లో ఇప్పటికీ ఇలాగే చేస్తారు. డైరెక్టుగా ఐస్ మీద మాత్రం పెట్టొద్దు, గడ్డకడితే పాడవుతుంది.

వీటితో పాటు పారాసెటమాల్, బ్యాండేజీ, దూది, యాంటీసెప్టిక్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఓఆర్ఎస్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్లు పంచదార, అర టీస్పూన్ ఉప్పు. స్పూన్ గోపురంలా కాదు, అంచుకి సమంగా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

ఫోన్

ఇది మనందరి సబ్జెక్ట్. ముందు పవర్ బ్యాంక్ లెక్క. మీద 10,000 ఎంఏహెచ్ అని పెద్దగా రాసుంటుంది. మీ ఫోన్ 5,000 కాబట్టి రెండుసార్లు ఎక్కుతుంది అనుకుంటారు. కాదు. లోపలి బ్యాటరీ 3.7 వోల్టుల దగ్గర పనిచేస్తుంది, బయటికి 5 వోల్టులుగా మార్చి ఇస్తుంది. ఆ మార్పులో, వేడిలో కొంత పోతుంది. చివరికి ఫోన్‌కి చేరేది ఇంచుమించు ఒకటిన్నర ఛార్జింగ్. వెనకాల చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఒక నంబర్ ఉంటుంది, కొనేటప్పుడు అది చూడండి. ఇంట్లో ఒక 20,000ది ఉంటే నలుగురికి మూడు రోజులు పొదుపుగా సరిపోతుంది. కానీ అది నిండుగా ఉండాలి. నెలకోసారి, ఒకటో తారీఖున ఛార్జ్ పెట్టండి.

పొదుపు అంటే ఎలా? సిగ్నల్ వీక్‌గా ఉన్నప్పుడు ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీని తినేస్తుంది. అందుకని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. మూడు గంటలకోసారి పది నిమిషాలు ఆన్ చేసి చూడండి. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ఒక్కటే ఆన్‌లో ఉంచి మిగతావి ఆఫ్ చేయండి. ఆ మామ్మగారు ఏ వీడియో చూడకుండానే ఈ పని చేసింది.

కాల్ కలవకపోతే ఎస్ఎంఎస్ పంపండి. నెట్‌వర్క్ బిజీగా ఉన్నప్పుడు కూడా ఎస్ఎంఎస్ దూరిపోయే అవకాశం ఎక్కువ. అందులో "హెల్ప్" అని కాదు రాయాల్సింది. వీధి, బిల్డింగ్ పక్కన ఉన్న గుర్తు, ఎన్నో అంతస్తు, ఎంతమంది, ఏం కావాలి. ఉదాహరణకి: "సింగ్ నగర్, వాటర్ ట్యాంక్ పక్క సందు, నీలం బిల్డింగ్, రెండో అంతస్తు, ఐదుగురం, ఇన్సులిన్ అర్జెంట్." నెట్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. మ్యాప్‌లో కనిపించే ఆ అంకెల లొకేషన్‌ని ఎస్ఎంఎస్‌లో పెట్టొచ్చు. మీ ఊరి మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌లో ఈ రోజే డౌన్‌లోడ్ చేసుకోండి.

నంబర్లు: అన్ని ఎమర్జెన్సీలకి 112, అంబులెన్స్‌కి 108, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077. ఇవి, ఇంకో ఊళ్లో ఉన్న ఒక బంధువు నంబర్ కాగితం మీద రాయండి. మునిగిన ఊళ్లో ఉన్న పదిమందికి చేయడం కన్నా, బయట కూర్చుని మన కోసం పదిమందికి ఫోన్ చేయగలిగే ఒక్కరికి చేయడం మేలు. మాకు గుంటూరు అన్నయ్య అలా పనికొచ్చాడు.

హెచ్చరికల కోసం ప్రభుత్వ సచేత్ యాప్, వాతావరణ శాఖ మౌసమ్ యాప్, పిడుగులకి దామిని యాప్ ఉన్నాయి. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇంక పని మొదలుపెట్టమని. ఆరెంజ్ చూడగానే ఫోన్లు, పవర్ బ్యాంకులు, ఇన్వర్టర్ అన్నీ ఫుల్ చేయండి.

ఇక రేడియో. మీకు నవ్వొస్తుందేమో. బ్యాటరీలతో నడిచే చిన్న రేడియోకి నెట్ అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు, సెల్స్ రోజుల తరబడి వస్తాయి. కొన్ని ఫోన్లలో ఎఫ్ఎం ఉంటుంది, కానీ దానికి వైరు ఇయర్‌ఫోన్ పెట్టాలి, ఆ వైరే యాంటెన్నా. కాబట్టి పాత వైరు ఇయర్‌ఫోన్ పారేయకండి.

తిండి

మిలిటరీ ప్యాకెట్ ఫుడ్ కొనక్కర్లేదు. మన నానమ్మలు ప్రయాణానికి కట్టిచ్చిన మూట గుర్తు తెచ్చుకోండి. అటుకులు, మరమరాలు, పుట్నాల పప్పు, బెల్లం, వేరుశెనగ పప్పు, ఖర్జూరం. వండక్కర్లేదు, నెలల తరబడి ఉంటాయి, కడుపు నిండుతుంది. అటుకులకి కాసిని నీళ్లు చాలు. బియ్యం ఎంత ఉన్నా, కడగడానికి వండడానికి నీళ్లు, గ్యాస్ ఖర్చవుతాయి. మా ఇంట్లో పాతిక కేజీల బియ్యం బస్తా ఉంది, కానీ మేము బతికింది పిన్ని డబ్బాలో ఉన్న అటుకులు, బెల్లం మీద. బాబాయ్ లాంటి షుగర్ వాళ్లకి బెల్లం కాకుండా పుట్నాలు, వేరుశెనగలు విడిగా పెట్టండి. పసిపిల్లలుంటే పాలపొడి, డైపర్లు తప్పనిసరి.

డబ్బు, కాగితాలు, వెలుగు

ఇంట్లో రెండు మూడు వేలు నోట్లుగా ఉంచండి, అవి కూడా పది, యాభై, వంద. ఐదొందల నోటిస్తే చిల్లర ఇచ్చేవాడు ఆ రోజు దొరకడు. *99# తో నెట్ లేకుండా డబ్బు పంపొచ్చు, కానీ దానికీ సెల్ సిగ్నల్ కావాలి, ముందే ఒకసారి వాడి చూసుకోండి.

ఆధార్, రేషన్ కార్డు, పొలం కాగితాలు, సర్టిఫికెట్లు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో వేసి పై అల్మారాలో పెట్టండి. మా కింద ఫ్లోర్‌లో ఒక తమ్ముడి ఇంజనీరింగ్ సర్టిఫికెట్లు బీరువా కింది అరలో ముద్దయిపోయాయి. డిజీలాకర్‌లో ఎన్ని దొరికితే అన్ని ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి, అవి ఒరిజినల్‌తో సమానంగా చెల్లుతాయి.

వెలుగుకి తలకి కట్టుకునే ఎల్ఈడీ టార్చి బెస్ట్, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కొవ్వొత్తి ఆఖరి ఛాయిస్, చీకట్లో తన్నేస్తే అగ్గి. జనరేటర్‌ని మాత్రం ఎంత వానైనా గదిలోకి తేవద్దు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన ఉండవు, నిద్రలోనే చంపేస్తుంది.

ఎవరూ మాట్లాడని విషయం ఒకటుంది, బాత్రూమ్. వరదలో కింది అంతస్తుల్లో కమోడ్ లోంచి నీళ్లు వెనక్కి తన్నుతాయి. మూత ఉన్న ఒక బకెట్, పెద్ద చెత్త కవర్లు, సబ్బు, శానిటరీ ప్యాడ్లు సంచిలో ఉండాలి. మా పక్కింట్లో ఇద్దరు ఆడపిల్లలు నీళ్లు తాగడమే మానేశారు, బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని. అది విన్నాక ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఆగాలి

ఖాళీ చేయమని అధికారులు చెబితే పగలే, నీళ్లు రాకముందే వెళ్లండి. మెయిన్ స్విచ్ ఆపండి, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి. కానీ స్విచ్ బోర్డు దాకా నీళ్లలో నిలబడి వెళ్లాల్సి వస్తే మాత్రం ముట్టుకోవద్దు.

నీళ్లు వచ్చేశాక హీరోయిజం వద్దు. పారే నీళ్లు అర అడుగు ఉంటే చాలు, పెద్ద మనిషిని పడగొడతాయి. ఒక అడుగుకి చాలా కార్లు తేలడం మొదలవుతాయి, రెండడుగులకి దాదాపు ఏ బండైనా కొట్టుకుపోతుంది. కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనపడదు. తప్పక దిగాలంటే బూట్లు వేసుకుని, కర్రతో ముందు నేల చూసుకుంటూ నడవండి.

నీళ్లు తగ్గాక పాములు ఇళ్లలో ఉంటాయి. కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయొద్దు. కరిచిన చోటు కదపకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందు అక్కడే ఉంటుంది. నీళ్లలో తిరిగిన తర్వాత రోజుల్లో జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు, వరదలో తిరిగామని డాక్టర్‌కి చెప్పండి.

మరి కత్తులు, గ్యాస్ మాస్కులు?

కామెంట్లలో ఎక్కువగా అడిగేది ఇదే. "జనం మీదపడితే ఎలా అన్నా?" విపత్తుల మీద దశాబ్దాలుగా పరిశోధన చేసినవాళ్లు చెప్పేది సినిమాకి రివర్స్‌లో ఉంటుంది. చాలామంది ఒకళ్ల మీద ఒకళ్లు పడరు, ఒకళ్లకొకళ్లు సాయం చేసుకుంటారు. మొట్టమొదట కాపాడేది దాదాపు ఎప్పుడూ పక్కింటివాళ్లే. దొంగతనాలు, రేట్లు పెంచేసి అమ్మడం ఉండవని కాదు, నేనూ చూశాను. కానీ మా మెట్ల మీద చేరిన ఐదు కుటుంబాలు ఉన్నదంతా ఒకచోట పెట్టుకుని తిన్నాయి. మమ్మల్ని కంగారు పెట్టింది మనుషులు కాదు, ఫార్వర్డ్‌లు. "ఇంకో గండి పడింది, రాత్రికి ఇంకో ఆరడుగులు వస్తాయి" అని ఎవరో పంపితే, పిల్లల్ని ఎత్తుకుని చీకట్లో నీళ్లలోకి దిగబోయారు కొందరు. ఆ వార్త అబద్ధం. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అనేది లేని మెసేజ్‌ని మీ దగ్గరే ఆపేయండి.

అందుకే నా కిట్‌లో ఇప్పుడు కత్తి ఉంది కానీ అది కూరగాయలకి, తాళ్లు కోయడానికి. దానికన్నా విలువైనది ఇంకోటి రాసిపెట్టాను. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు ఇన్సులిన్ మీద ఉన్నారు, ఎవరు గర్భవతి, ఎవరు మెట్లు దిగలేరు, ఎవరి దగ్గర కీప్యాడ్ ఫోన్ ఉంది అనే లిస్టు. ఒక్క సాయంత్రం అందరి తలుపులూ తట్టి రాశాను. రూపాయి ఖర్చు లేదు.

ఈ రోజే చేయాల్సినవి

వీడియో చూసి లైక్ కొట్టి వెళ్లిపోకండి. మూడు పనులు ఈ రోజు చేయండి. పవర్ బ్యాంక్ ఛార్జింగ్‌కి పెట్టండి. అమ్మానాన్నల మందుల పేర్లు, డోస్ అడిగి కాగితం మీద రాయండి. రేపు వాటర్ క్యాన్ అబ్బాయి వస్తే ఇంకో రెండు దింపించండి. మిగతావి నెమ్మదిగా, జీతం వచ్చినప్పుడల్లా ఒకటి చేర్చుకోవచ్చు. అన్నీ ఒక పాత కాలేజీ బ్యాగులో వేసి, తలుపు దగ్గర కాస్త ఎత్తులో తగిలించండి.

సంవత్సరానికి రెండుసార్లు ఆ బ్యాగు విప్పి చూడాలి. ఉగాదికి ఒకసారి, ఎండలు, మే నెల తుపాన్లకి ముందు. దసరాకి ఒకసారి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన తీరానికి తుపాన్లు ఎక్కువగా వచ్చే టైమ్‌కి ముందు. ఆయుధపూజ రోజు బండి కడిగి బొట్టు పెడతాం కదా, అదే రోజు టార్చిలో సెల్స్ మార్చండి, మందుల డేట్లు చూడండి, అటుకులు తినేసి కొత్తవి పెట్టండి.

బుడమేరు గండ్లు పూడ్చేసరికి వినాయక చవితి వచ్చేసింది. కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్లున్నాయి. పిన్ని వాళ్లు ఇప్పటికీ అదే ఇంట్లో ఉన్నారు. మొన్న వెళ్లినప్పుడు వంటింట్లో మూలకి రెండు క్యాన్లు, ఫ్రిజ్‌లో ఎక్స్‌ట్రా ఇన్సులిన్ బాక్స్ కనిపించాయి. తలుపు వెనక నా పాత బ్యాగు తగిలించి ఉంది. జిప్‌కి ఆ విజిల్ కట్టింది పిన్ని. నల్ల డబ్బా ఏదని అడిగితే, "దాంట్లో సూదులు, దారాలు పెట్టుకున్నాన్రా" అంది.

మీ ఇంట్లో వరదో, తుపానో చూసినవాళ్లుంటే, ఆ రోజు మీకు నిజంగా పనికొచ్చిన ఒక్క వస్తువేంటో కామెంట్‌లో రాయండి. తర్వాతి ఎపిసోడ్‌లో అవన్నీ చదివి మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్త.